కట్టు తెలిసిన చేయి

క్రొయేషియా దేశపు జాగ్రెబ్ నగరమున 1919లో నెలకొల్పబడిన జానపద వస్తుప్రదర్శనశాల యొకటి కలదు. సాలమన్ బెర్గర్ అను వస్త్రవర్తకుడు క్రొయేషియా పల్లెలనుండి కూర్చిన బట్టల సేకరణమే దానికి పునాది. దాని తొలి సంచాలకుడును ఆయనయే. అటువంటి శాలలలోని అద్దాల బీరువాలలో పల్లెపడుచుల ఉడుపులు మనిషి లేకయే నిలుచుండును. భుజమునకు భుజము, చేతికి చేయి, నడుమునకు నడుము కొలిచి కత్తిరించి కుట్టినవి కావున, తొడిగిన స్త్రీ లోకమును వీడి నూఱేండ్లు గడచినను ఆమె యెత్తు, ఆమె యొడలి పొంకము, ఆమె యే సీమదో, పెండ్లియైనదో కానిదో, ఏ పండుగకు ముస్తాబైనదో, ఇవన్నియు ఆ బట్టయందే నిలిచి, చదువనేర్చిన కన్నులతో మాటాడుచునే యుండును.

ఉత్తరాంధ్రలోని ఎలమంచిలిలో మా యింటి పాతపెట్టెయందు మా తాతగారి పంచెల చాపు ఒకటి భద్రముగా నున్నది. విప్పి చూచినచో నాలుగు మూలలు, రెండంచులు, నడుమ కాలవశమున పసుపుదేఱిన తెల్లని నూలు, అంతియే. ఆయన పొడగరియో పొట్టివాడో అది చెప్పదు. ఆ పంచెనే ఆయన పెండ్లిపందిరికి పోవునపుడు కుచ్చెళ్ళు పాదములమీద జాఱునట్లు తీర్చి కట్టెడివాడనియు, పొలమునకు పోవునపుడు మోకాలి మీదికి ఎగదీసి గోచీ బిగించెడివాడనియు, పూజకు కూర్చుండునపుడు తడిపి ఆఱవేసిన మడిబట్టగా చుట్టుకొనెడివాడనియు నేనెఱుగుదును, పంచె యెఱుగదు. దానిని ఏ అద్దాల బీరువాలో నిలిపినను అది నిలువదు, మడత పెట్టిన గుడ్డగా పడియుండును. బట్ట మిగిలినది, కట్టు ఆయనతో పోయినది.

దేశీయ వేషమును గూర్చి మనము మాటాడునపుడు సాధారణముగా రంగును, అంచును, నేతను మాత్రమే మాటాడుదుము. జరీ యెంత, నూలు ఏ నంబరు, మగ్గము ఏ యూరిది అని విచారింతుము. ఇవన్నియు విచారింపదగినవే. కాని కుట్టినబట్టలో అర్థము బట్టయందు కుదురుకొనియుండగా, కట్టెడుబట్టలో అర్థము కట్టెడు చేతియందున్నదని నా నమ్మిక. ఈ భేదమును గుర్తింపనందువలననే మనము మన వేషమును కాపాడుకొనుచున్నామని తలంచుచు, కాపాడవలసినదానిని విడిచి, విడిచినను పోయెడిదేమియు లేనిదానిని దాచుకొనుచున్నాము.

క్రొయేషియా చిన్నదేశము, వైశాల్యమున మన ఆంధ్రప్రదేశములో మూడవవంతుకు కొంచెము మించును. అయినను ఆ కొద్దినేలలోనే ఉడుపులు మూడు పెద్ద తెగలుగా విడివడియున్నవి. పనోనియా మైదానములలో అవిసెనారను, గోగునార వంటి జనపనారను పండించి, వడికి, నేసి, తెల్లని బట్టను సన్నని మడతలుగా కూర్చి కట్టుదురు. స్లవోనియా సీమలో దానిమీద బంగారు తీగెతో పువ్వులు కుట్టుదురు. దినారిక్ పర్వతసీమలో గొఱ్ఱెలే సంపద గనుక ఉన్నిబట్ట, ముదురు రంగులు, రొమ్మున వెండినాణెముల పేరులు. అడ్రియాటిక్ సముద్రతీరమున పట్టును, అల్లికయు. పాగ్ ద్వీపములోను, లెపోగ్లావాలోను, హ్వార్ ద్వీపములోను సాగుచున్న అల్లికపనిని 2009లో యునెస్కో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. హ్వార్ ద్వీపపు అల్లికకు దారము ఎక్కడనుండి వచ్చునో తెలిసినపుడు నాకు కలిగిన ఆనందము చెప్పనలవి కాదు: మన యూళ్ళలో పొలముగట్లమీద కంచెగా పెరుగు కిత్తలిజాతి మొక్క యాకునుండి తీసిన నారతో అచ్చటి మఠములోని సన్న్యాసినులు ఆ సాలెగూటివంటి పనిని అల్లుదురు.

డుబ్రోవ్నిక్ నగరమునకు దక్షిణమున కొనావ్లే అను సీమ కలదు. అచ్చట కన్నెపిల్ల తలమీద చిన్న గుండ్రని ఎఱ్ఱటోపీ. పెండ్లియైన యిల్లాలి తలమీద గంజిపెట్టి బిగిసిన వెడల్పైన తెల్లని తలగుడ్డ. దూరమునుండియే, ముఖము కానరాకమునుపే, ఎదుటి స్త్రీ ఎవరో, ఆమెతో ఎట్లు మాటాడవలెనో చూచువానికి తెలియును. ఆమె రొమ్మున, మణికట్టున తీర్చిన కుట్టుపనికి పట్టుపురుగులను ఇంటిలోనే పెంచి పట్టుదారము తీసెడివారు. 1991 నాటి యుద్ధమున ఆ సీమ శత్రువశమై యిండ్లు కాలిపోయెను. యుద్ధానంతరము తిరిగివచ్చిన స్త్రీలలో కొందఱు మరల పట్టుపురుగులను పెంచి, మరల ఆ కుట్టును కుట్టనారంభించిరి. గోడలు లేచుటకు ముందో వెనుకో కుట్టు కూడ లేవవలెనని వారికి తోచినదన్న విషయమును తలంచినపుడెల్ల నాకు వారియెడ గౌరవము పెరుగును.

ఇక మన తట్టు చూతము. ఎలమంచిలి పరిసరములలో చెరకు కొట్టు కాలమున బెల్లము వండు చోటికి పోయి ఒక పెద్దరైతు మీది తువ్వాలును కనిపెట్టి చూడుడు. తెల్లవాఱుజామున మంచుకు అది చెవులమీదుగా దిగి గడ్డముక్రింద ముడిపడియుండును. ఎండ యెక్కినపిదప అదియే తలపాగా యగును: ఒక కొసను ఎడమచెవి వెనుక వ్రేలితో అదిమిపట్టి, రెండవ కొసను మెలివేయుచు తలచుట్టు త్రిప్పి, చివరి కొనను నెత్తిమీదనుండి లోనికి దోపును, అద్దము లేదు, చూపు పెనములోని పాకముమీదనే యుండును, చేతులు మాత్రము తమ పని తాము చేసికొనిపోవును. మోపు నెత్తికెత్తవలసివచ్చినపుడు అది చుట్టకుదురగును. వేడిపాత్రను దింపునపుడు పట్టుగుడ్డ యగును. చెట్టునీడను కూర్చుండునపుడు విప్పి దులిపి పఱచుకొనును. ఊరిపెద్ద యొకడు అటు వచ్చినచో నెత్తినుండి భుజమునకు దిగును. గుడిలోనికి పోవునపుడు భుజమునుండి నడుమునకు దిగి బిగియును. కీడు కబురు విన్నపుడు మొగమునకు అడ్డమగును. ఒక పెద్దమనుష్యుని నేనడిగితిని, ఈ తలపాగా చుట్టుట నీకెవరు నేర్పిరని. "ఏటి బాబూ, తలగుడ్డ సుట్టుకోడానికి గూడా సదువేటి? మా అయ్య సుట్టుకునేవోడు, నాను సూసేవోన్ని. సేతికొచ్చీసింది" అని యాతడు నా ప్రశ్నకే ఆశ్చర్యపడెను.

గజమున్నర గుడ్డముక్కకు ఇన్ని యర్థములు ఎక్కడనుండి వచ్చినవి? నేతగాడు నేసినవి కావు. అంగడిలో కొనినవి కావు. ఆ తువ్వాలు ఏ స్థానమున నున్నది, ఏ ముడిలో నున్నది అనునది వాక్యము. చూచిన ఊరివారందఱును దాని పాఠకులు.

స్త్రీల వేషమున ఈ వ్యాకరణము మరింత సూక్ష్మము. కొనావ్లే పడుచు ఎఱ్ఱటోపీ తీసి తెల్లగుడ్డ కట్టుకొన్నట్లే మన పిల్ల పరికిణీనుండి ఓణీకిని, ఓణీనుండి చీరకును నడచును; మొదటి యడుగును ఓణీల వేడుకగా బంధువులందఱిని పిలిచి జరిపించుదురు, మగపిల్లవానికి పంచెల వేడుక చేసినట్లే. మధుపర్కములు మఱియొక మాట: పీటలమీది పెండ్లికొడుకును పెండ్లికూతురును ఎంత కలవారైనను, ఆ ముహూర్తమునకు ఎఱ్ఱయంచు నూలుబట్టలలోనికి రావలసినదే, ఆ బట్టల కొంగులు కలిపి ముడివేసిన తరువాతనే ఏడడుగులు. చీర కట్టిన తీరులో సీమయు కులమును వృత్తియు పలుకును. మా ప్రాంతపు పెద్దవయసు రైతుస్త్రీలలో కుడిభుజముమీదికి పైట వేసికొనువారు నేటికిని కనబడుదురు. ఊడ్పులలో వంగినపుడు ఆ చీరనే పిక్కలపైకి లాగి గోచీగా బిగింతురు. సంతనుండి వచ్చునపుడు చిల్లరడబ్బులు చెంగున ముడియై యుండును. బిడ్డకు చెమట తుడుచునది కొంగు, వేడిగిన్నె దింపునది కొంగు, పంతమువచ్చి పనికి దిగునపుడు నడుమున చెక్కునది కొంగు, దేవతయెదుట చాచి వేడునది కొంగు. మా పూడిమడక తీరమున చేపలతట్ట నెత్తిన పెట్టుకొని నడచు స్త్రీ చీరకట్టునకును, అదే సమయమున ఊరిలో పేరంటమునకు బయలుదేఱిన యిల్లాలి చీరకట్టునకును నడుమ బట్టలో భేదము లేకపోవచ్చును. కట్టులో రెండు జీవితములున్నవి.

అయితే ఈ వేషభాషను పొగడునపుడు అది పలికిన చెడ్డమాటలను దాచుట న్యాయము కాదు. దొరయెదుట, కామందుయెదుట కండువా భుజముమీద నుంచుకొనుట తప్పగు కాలము చాలదినములు నడచినది. పనివాడు దానిని తీసి చంకన పెట్టుకొనియో నడుమున చుట్టుకొనియో నిలువవలెను. మోకాలు దాటి పంచె దిగరాదని కట్టడి చేయబడిన జనులుండిరి. భర్త పోయిన స్త్రీకి లోకము కట్టబెట్టిన బట్ట యెటువంటిదో చెప్పనక్కఱలేదు; అడ్రియాటిక్ తీరపు పల్లెలలో అదే దుఃఖమునకు జీవితాంతపు నల్లబట్టను విధించిరి, ఇచ్చట తెల్లబట్టను విధించిరి. వేషము ఒక సంఘపు భాష యైనపుడు ఆ సంఘపు క్రౌర్యమును కూడ అది పలుకకపోదు. పూర్వపు వేషమంతయు మరల రావలెనని కోరువారితో నాకు ఏకాభిప్రాయము లేకుండుట ఇందువలననే. భుజముమీద కండువా వేసికొను హక్కును పొందినవాని మనుమడు దానిని పండుగనాడు సగర్వముగా వేసికొన్నపుడు, ఆ గుడ్డకు పూర్వము లేని అర్థమొకటి వచ్చినది. ఆ క్రొత్త యర్థమే నాకు ప్రియము.

అర్థము మాఱునని మహాత్ముడు ఎఱిగినంతగా మఱియెవరును ఎఱుగరు. 1921 సెప్టెంబరు 22న మదురైలో ఆయన అంగీని, టోపీని, పొడుగుపంచెను విడిచి మోకాటిపైకి గోచీ కట్టెను. అది మా పొలములలోని కూలివాని కట్టే. అంతవఱకు దైన్యమునకు చిహ్నమైన ఆ కట్టుతోనే ఆయన 1931లో లండనులో చక్రవర్తియెదుట నిలిచెను. బట్ట యదే, కట్టు అదే. కట్టిన మనుష్యుని సంకల్పమువలన దాని పలుకు మాఱినది.

ఆ గాంధీజీ మనసు పడిన నూలు మన ఉత్తరాంధ్రదే యగుట మనకు దక్కిన భాగ్యము. శ్రీకాకుళము జిల్లా పొందూరులో సన్నఖద్దరు వడుకు విధానమును తెలిసికొనవలసినదని ఆయన తన కుమారుడు దేవదాసును పంపెను. ఆ పని నేటికిని అటులే సాగుచున్నది. గింజతోనున్న పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ చేప పండ్లు మిక్కిలి సన్ననివి, మిక్కిలి దగ్గఱదగ్గఱగా నుండును; అందుచేత ఏ యినుపదువ్వెనయు చేయలేని పనిని అవి చేయును. దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులుగా చుట్టి, ఎండిన అరటిబోదె డొప్పలో దాచి, ఒక్క కదురుగల రాట్నముమీద స్త్రీలు వడుకుదురు. నూఱవ నంబరు దారము ఆ వ్రేళ్ళలోనుండి వచ్చును. 1949లో అచ్చట ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఏర్పడెను. అదే సంవత్సరమున జాగ్రెబ్‌లో లాడో అను జానపద నృత్యబృందము ఏర్పడెను. పల్లె ఉడుపులను వేదికమీద తొడిగి, ఆడి పాడి చూపుట దాని పని. 1966లో జాగ్రెబ్‌లో అంతర్జాతీయ జానపదోత్సవము, 1967లో స్లవోనియాలోని జాకోవో పట్టణమున ఆ సీమ కుట్టుపని పేర మఱియొక యుత్సవము మొదలైనవి. వారు ఉడుపును వేదిక నెక్కించిరి. మనము నూలును నిలుపుకొంటిమి. ఇరువురును చేసినది మంచిపనియే. కాని పొందూరు పంచెను కొని, మడత విప్పక, బీరువాలో దాచుకొను వారెందఱో నేనెఱుగుదును.

మన్యము వైపు చూచినచో ఈ విషయము ఇంకొక రూపమున కనబడును. అరకు, అనంతగిరి ప్రాంతములలోను, సరిహద్దుకావల కోరాపుట్ సీమలోను నివసించు గదబ స్త్రీలు ఒకప్పుడు కెరాంగ్ అను పొద బెరడునుండి నారతీసి, తామే వడికి, తామే రంగులద్ది, చిన్న మగ్గముమీద ఎఱుపు నీలము తెలుపు చాఱలు వచ్చునట్లు తామే నేసికొని కట్టుకొనెడివారు. ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులములు, తెగలపై 1909లో వెలువరించిన 7 సంపుటములలో వారి వేషమును వర్ణించెను. చాఱలను గూర్చి ఆయన వ్రాసినది చదివి ఆ చాఱలను తిరిగి నేయవచ్చును. కాని నడుమున ఎటునుండి ఎటు చుట్టవలెను, భుజముమీది ముడి ఎంత వదులుగా నుండవలెను, కొండయెక్కునపుడు ఏ కొనను ఎక్కడ దోపవలెను, ఇవి ఏ సంపుటములోనుండియు చేతికి రావు. నేడు థింసా నృత్యమునకు యాత్రికుల యెదుట నిలుచు పిల్లలు ఆ కట్టును ఇంకను తమ తల్లులయొద్దనే నేర్చుకొనుచున్నారు. కెరాంగ్ నార దాదాపు మాయమై దానిచోట మిల్లుచీర వచ్చినను, ముడి మిగిలియున్నది. నార పోయి ముడి మిగులుట మేలా, ముడి పోయి నార మిగులుట మేలా అని యెవరైన నన్నడిగినచో, ముడియే మిగులవలెనని జంకులేక చెప్పుదును. ముడి యున్నచో నారను మరల తెచ్చుకొనవచ్చును.

మాకు చేరువలోనున్న ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిణెపట్టి, తిరుగుచున్న కొయ్యకు లక్కను తాకించి, ఆ రాపిడి వేడిమికే లక్క కరగి రంగుపూతగా అంటుకొనునట్లు చేసి, మొగలియాకుతో మెఱుగు పెట్టి బొమ్మలు చేయుదురు. వరాహనది యొడ్డున పుట్టిన ఆ పెండ్లికొడుకు పెండ్లికూతుళ్ళ బొమ్మలు నాకు ప్రాణము. అయినను వానిని చేతబట్టి పరిశీలించినపుడు, అంచు ఉన్నది, రంగు ఉన్నది, బొట్టు ఉన్నది, కట్టు లేదు. తరిణెమీద తిరిగిన గుండ్రని కొయ్యకు కుచ్చెళ్ళు ఎట్లు వచ్చును? గీతలుగా మాత్రము వచ్చును. బొమ్మకు అది లోపము కాదు. కాని ఇప్పుడు అంగళ్ళలో నడుమున అతికించుకొను పంచెలను, కుచ్చెళ్ళు ముందే కుట్టిన చీరలను చూచినపుడు, మనుష్యుల వేషము కూడ ఆ కొయ్యబొమ్మ వేషముగా మాఱుచున్నదే యని నాకు బాధ కలుగును. పెండ్లినాడు ఒక్క గంట పంచె కట్టినట్లు కనబడుట చాలునని తలంచు యువకుని నేను నిందింపను. వానికి నేర్పినవాడు లేడు. నేర్పవలసిన తరమువారము మేము, పంచె కొనియిచ్చి ఊరకుంటిమి.

క్రొయేషియాలో కుట్టుబట్ట యున్నది గనుక చేతి విద్య అక్కఱలేదనుకొనుట కూడ పొరపాటే. స్లవోనియాలో ఉత్సవమునకు పడుచును ముస్తాబు చేయుటకు అనుభవముగల ముదుసలి స్త్రీలు కూర్చుందురు. పెక్కుపాయల జడ అల్లుటకే గంటలు పట్టును, కుచ్చులు సరిచేయుట, గుడ్డ ముడివేయుట వారి చేతులకే తెలియును. బట్ట ప్రదర్శనశాలలో నున్నను ఆ చేతులు ఊళ్ళలో నున్నందువలననే వారి ఉత్సవములలో ఉడుపు జీవముతో నుండును. లోకమంతటికి వారిచ్చిన బట్ట కూడ కట్టెడుబట్టయే. 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమునకు సైనికులుగా పోయిన క్రొయేషియా రౌతులు మెడకు కట్టుకొన్న గుడ్డను చూచి పారిస్ రాజసభ మోహపడెను; అదియే క్రమముగా నెక్‌టై యై, ఇంగ్లీషువారి వెంట వచ్చి మన వకీళ్ళ మెడకును ఎక్కినది. పురుషుల దొరవేషమంతయు కుట్టుపనియే కాగా, కట్టవలసిన గుడ్డ అదియొకటి నిలిచినది. అందుకే నేటికిని తండ్రి అద్దముముందు కుమారుని నిలిపి ఆ ముడి వేయు విధము నేర్పును.

అట్టి అద్దము మన పంచెకును చీరకును కావలెను. మా జిల్లాలోనే ఎన్ని కట్టులున్నవో చూడుడు: పూడిమడకలో చేపలు పట్టువారి గోచీ, చెరకురైతుల తలపాగా, మడికట్టు, ఊడ్పుల చీర, కుడిపైట, పెద్దల కుచ్చెళ్ళపంచె. వీనిని తెలిసిన చేతులు ఇంకను ఉన్నవి. ఒక్కొక కట్టును ఆరంభమునుండి ముడివఱకు నెమ్మదిగా చిత్రీకరించి దాచుట పాఠశాలల పిల్లలు చేయగల పని. జేబులోని ఫోను చాలును. దానికంటె ముఖ్యమైనది, పంచెల వేడుకలో మేనమామ పంచెను పళ్ళెరములో పెట్టి అందించి పక్కకు తొలగుటకు బదులు, పిల్లవాని నడుమున తానే కట్టి, విప్పి, మరల వానిచేతనే కట్టించుట.

వచ్చు మాఘములో మా మనుమనికి పంచెల వేడుక. పాయకరావుపేట మగ్గముమీద నేసిన చాపు చెప్పియుంచితిమి. అతికించుకొను పంచె వలదన్నందుకు పిల్లవాడు మొదట మొగము ముడుచుకొనెను గాని, తువ్వాలుతో తలపాగా చుట్టుట నేర్పుదునన్నపుడు ఒప్పుకొనెను. వాని అక్కకు కుడిపైట వేయుటయు, గోచీ బిగించుటయు నేర్పుటకు మా పొలమునకు ఊడ్పులకు వచ్చు పెద్దమ్మను అడిగితిని. ఆమె నవ్వి సరేనన్నది. కోతలు ముగిసిన తరువాతగాని తీరదని మాత్రము చెప్పినది.